ఉద్యోగం పోయినా కొడుకు కొడుకే

సహోదరా, వందనాలు.

మీరు రాసింది నిదానంగా చదివాను. ఒకే సంస్థలో పంతొమ్మిదేళ్లు చేసి, కింది స్థాయి నుంచి మేనేజరు దాకా ఎదిగి, నలభై ఆరో ఏట ఒక్క మీటింగుతో బయటికి వచ్చేశారు. ఏడు నెలలైంది. ఇల్లు గడవడానికి ఇంకొంతకాలం ఢోకా లేదు, అయినా కుంగిపోతున్నారు. అమ్మాయి స్కూలు ఫారంలో ‘తండ్రి వృత్తి’ అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయిందనీ, ఆ ఫారం రోజుల తరబడి టేబుల్ మీదే ఉండిపోయిందనీ రాశారు. ఆరాధన అయ్యాక ఎవరైనా పలకరించి ‘ఇప్పుడెక్కడ చేస్తున్నారు’ అంటారేమోనని, ఆశీర్వాదం చెప్పకముందే లేచి వచ్చేస్తున్నారు. ‘క్రీస్తులో మన గుర్తింపు’ మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, అది చెవి దగ్గరే ఆగిపోతోంది, గుండెలోకి దిగడం లేదు, ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

నేను పాస్టరును కాను. ఉద్యోగం చేసుకుంటూనే చాలా ఏళ్లు సంఘ పెద్దగా ఉన్నవాణ్ణి. పని పోయినవాళ్లు, రిటైరైనవాళ్లు, జబ్బుచేసి మానుకోవాల్సి వచ్చినవాళ్లు, పిల్లల కోసం కెరీర్ వదులుకున్న తల్లులు, ఇలా ఎంతోమంది పక్కన కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నది చెబుతాను.

ముందుగా, మీ బాధ నిజమైనది, న్యాయమైనది. ‘ఉద్యోగాన్ని విగ్రహం చేసుకున్నావు కాబట్టే దేవుడు తీసేశాడు’ అని ఎవరైనా అంటే ఆ మాట మనసుకు ఎక్కించుకోకండి. దేవుడు దీన్ని ఎందుకు అనుమతించాడో తేల్చి చెప్పే అధికారం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు సరిగ్గా ఆ పనే చేసి, చివరికి దేవుడి చేత చీవాట్లు తిన్నారు. పని అనేది దేవుడిచ్చిన మంచి సంగతి. ఆదాము పాపం చేయకముందే, ఆదికాండము 2:15లోనే, తోటను సేద్యపరచి కాచే బాధ్యత అతని చేతికి వచ్చింది. ముళ్లూ చెమటా ఆ తర్వాత వచ్చాయి. అంత మంచిది చేజారితే నొప్పి పుట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి. పైగా జీతం, పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు, రోజూ పక్కన కూర్చుని భోంచేసిన మనుషులు, ‘ఈ పని ఈయనకే తెలుసు’ అనిపించుకునే గౌరవం, అన్నీ ఒకే రోజు పోయాయి. ఒక్కోదానికీ విడిగా ఏడవాల్సి ఉంటుంది. ‘నేనెవరిని’ అన్న ప్రశ్న వీటన్నిటి మధ్యలో చిక్కుపడి ఉంది. ఆ ఒక్క పోగును బయటికి లాగి చూద్దాం.

నిర్గమకాండము 5వ అధ్యాయం తెరవండి. ఐగుప్తులో ఇశ్రాయేలీయులకు రోజుకు ఇన్ని ఇటుకలని లెక్క. దేవుణ్ణి ఆరాధించడానికి మమ్మల్ని పోనివ్వమని మోషే వచ్చి అడిగితే, ఫరో చేసిన మొదటి పని గడ్డి ఇవ్వడం మానేయడం. గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గడానికి వీల్లేదన్నాడు. తగ్గితే ఇశ్రాయేలీయుల్లోంచి నాయకులుగా పెట్టినవాళ్లకు దెబ్బలు. వాళ్లు వెళ్లి మొరపెట్టుకుంటే ఫరో అన్న మాట, మీరు సోమరులు. ఆ నాయకుల పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. వాళ్లూ బానిసలే, కాకపోతే మిగతా బానిసల మీద పెట్టిన బానిసలు. పైనుంచి టార్గెట్, కింద మనుషులు, మధ్యలో వీళ్ల వీపు. మేనేజరుగా చేసిన మీకు నేను విడమరచి చెప్పక్కర్లేదు. ఆ రాజ్యంలో మనిషి గురించి అడిగే ప్రశ్న ఒక్కటే, ఎన్ని ఇటుకలు?

మీ పాత సంస్థను ఫరోతో పోల్చడం నా ఉద్దేశం కాదు. జీతం ఇచ్చే ఏ చోటైనా పనిని లెక్కపెడుతుంది, లెక్కపెట్టాలి కూడా. ఆ లెక్క మన లోపలికి వచ్చి కాపురం పెడితేనే ప్రమాదం. పంతొమ్మిదేళ్లు, ఏటా అప్రైజల్‌లో ఎవరో ఒకరు మీకు మార్కులు వేశారు. ఆ మార్కులు మీ పనికి వేసినవే. ఏళ్లు గడిచేకొద్దీ అవి మీకే వేసినట్టు అనిపించడం మొదలైంది. ఇప్పుడు మార్కులు వేసేవాళ్లు లేరు, కాబట్టి విలువ కూడా లేదనిపిస్తోంది.

ఒక అధ్యాయం వెనక్కి వెళ్లండి. 4:22లో దేవుడు ఫరోకు చెప్పమని మోషేతో అన్న మాట, ‘ఇశ్రాయేలు నా కుమారుడు, నా జ్యేష్ఠపుత్రుడు’. ఆ మాట అన్నప్పటికి వాళ్లు ఎర్రసముద్రం దాటలేదు, ధర్మశాస్త్రం చేతికి రాలేదు, మట్టి తొక్కుతూనే ఉన్నారు. విడుదలకన్నా ముందే కొడుకు అన్న పిలుపు వచ్చింది. తర్వాత వాళ్లను బయటికి తెచ్చి, వారానికి ఒక రోజు పని ఆపమన్నాడు. ద్వితీయోపదేశకాండము 5:15లో దానికి చెప్పిన కారణం ఎన్నిసార్లు చదివినా నన్ను ఆపేస్తుంది: నువ్వు ఐగుప్తులో దాసుడవై ఉన్నావని జ్ఞాపకం చేసుకో. ఇటుకల లెక్క నీ మీద ఇక చెల్లదని వారం వారం గుర్తుచేసే రోజు అది. కొడుకుతోపాటు పనివాడికీ, పరదేశికీ, ఎద్దుకూ గాడిదకూ కూడా ఆ రోజు సెలవే.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు దొరికే చోటు మాత్రం లూకా 15 అనుకుంటాను. తప్పిపోయిన కుమారుడి కథ మీకు కంఠతా వచ్చి ఉంటుంది, అందుకే నిదానంగా చూడమంటున్నాను. ఆస్తిలో వాటా తీసుకుని ఇల్లు వదిలిపోయి, అంతా పాడుచేసుకున్న చిన్నవాడు పందుల దగ్గర కూర్చుని తండ్రికి చెప్పాల్సిన మాటలు సిద్ధం చేసుకుంటాడు. అందులో మూడు ముక్కలున్నాయి. పాపం చేశాను. కొడుకు అనిపించుకోవడానికి తగను. నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. దారి పొడవునా వాటినే వల్లించుకుంటూ వచ్చి ఉంటాడు. ఇంటికొచ్చాక 21వ వచనంలో అతని నోట నిజంగా ఏం వచ్చిందో చూడండి. మొదటి ముక్క చెప్పాడు. రెండోదీ చెప్పాడు. మూడోది లేదు. ఈలోగానే తండ్రి దాసుల వైపు తిరిగి, ప్రశస్త వస్త్రం తెండి, ఉంగరం పెట్టండి, చెప్పులు తొడగండి అంటున్నాడు. తప్పు ఒప్పుకోవడాన్ని ఆ తండ్రి అడ్డుకోలేదు. కూలి బేరం మాత్రం నోట్లోంచి బయటికి రానివ్వలేదు.

పెద్దవాణ్ణి ఇంకా దగ్గరగా చూడాలి, ఎందుకంటే మీలాంటి నాలాంటి వాళ్లం ఎక్కువగా ఆ రకమే. వాడు ఇల్లు వదిలి పోలేదు. ఆ రోజు కూడా పొలం నుంచే వచ్చాడు. లోపల సంబరం వినబడితే గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. వాడి మాటలు వరసగా చూడండి. ఇన్నేళ్లుగా నిన్ను సేవిస్తున్నాను. నీ ఆజ్ఞ ఎన్నడూ మీరలేదు. నా స్నేహితులతో సంతోషపడడానికి ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదు. సర్వీసు, క్రమశిక్షణ, రావాల్సిన బోనస్. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినవాడు తండ్రితో కూలి లెక్కలు మాట్లాడుతున్నాడు. ఒకడు కూలికైనా పనికొస్తానా అని వచ్చాడు, ఇంకొకడు కూలి ముట్టలేదని బయట నిలబడ్డాడు. ఇద్దరిలో ఒక్కడికీ నేను కొడుకుని అన్న ధీమా లేదు. పెద్దవాడికి తండ్రి ఇచ్చిన జవాబులో మొదటి మాట ‘కుమారుడా’. వాడు చేసిన సర్వీసును ఆయన తీసిపారేయలేదు, పొగడనూ లేదు, అసలు దాని ఊసే ఎత్తలేదు. ‘నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి’ అన్నాడు, అంతే.

సహోదరా, మీ ప్రార్థనల్లో ఏముందో దేవునికే తెలుసు. నా దగ్గరికి వచ్చిన చాలామంది ప్రార్థనల్లో మాత్రం ఆ మూడో ముక్క దాక్కుని ఉండేది. ప్రభువా, నన్ను మళ్లీ దేనికైనా పనికొచ్చేవాణ్ణి చెయ్యి, అప్పుడు తలెత్తుకుని నీ ముందుకు వస్తాను. పనికోసం అడగండి, గట్టిగా అడగండి. ‘అప్పుడు వస్తాను’ అన్న భాగాన్ని మాత్రం తీసేసి, ఇప్పుడే వెళ్లండి.

ఇక, గుండెలోకి దిగడం లేదన్నారు కదా, దాని గురించి. మనం గుర్తింపును లోపల వెతుక్కుంటాం. కళ్లు మూసుకుని ‘నేను దేవుని బిడ్డను’ అని పదిసార్లు అనుకుంటే ఏదో ఒక క్షణాన అది నిజమనిపిస్తుందని ఎదురుచూస్తాం. అనిపించకపోతే మన విశ్వాసంలోనే లోపం ఉందని ఇంకో దిగులు. బైబిలు తిరగేస్తే నాకు కనబడేది వేరు. ఆ సంగతి మనుషులకు బయటినుంచి, ఇంకొకరి నోట వినబడుతుంది. యొర్దాను దగ్గర యేసుప్రభువుకే ‘ఈయనే నా ప్రియకుమారుడు’ అన్న స్వరం ఆకాశం నుంచి వచ్చింది, అప్పటికి ఆయన ఒక్క రోగిని బాగుచేయలేదు, ఒక్క ప్రసంగం చెప్పలేదు. వెంటనే అరణ్యంలో శోధకుడు దాని మీదే చెయ్యి వేశాడు. నువ్వు దేవుని కుమారుడవైతే ఈ రాళ్లను రొట్టెలు చెయ్యి, అంటే, ఏదో ఒకటి చేసి నిరూపించుకో. ప్రభువు నిరూపించుకోవడానికి పూనుకోలేదు. తండ్రి అన్న మాట మీద నిలబడ్డాడు.

సౌలు, అంటే తర్వాత పౌలుగా మనకు తెలిసినవాడు, అతని సంగతి మీ పరిస్థితికి ఇంకా దగ్గర. యేసు శిష్యులను బంధించి తేవడానికి ప్రధానయాజకుడి దగ్గర పత్రాలు తీసుకుని, అధికారంతో దమస్కుకు బయల్దేరినవాడు. దారిలో ప్రభువు ఎదురయ్యాక మూడు రోజులు చూపు లేదు, తిండి లేదు, నీళ్లు లేవు. అప్పటిదాకా చేస్తూ వచ్చిన పని ముగిసిపోయింది, రాబోయేది ఇంకా మొదలవలేదు. ఆ మధ్యలో అననీయ అనే శిష్యుడు, లోపల భయం ఉన్నా, ఆ ఇంటికి వచ్చి, చేతులుంచి ‘సౌలా, సహోదరుడా’ అని పిలిచాడు. సౌలు ముందుముందు రాజుల ఎదుట నిలబడి ప్రభువు పేరు చెబుతాడని అననీయకు అప్పటికే తెలుసు. అయినా ఆ పిలుపులో అదేమీ లేదు. గుడ్డివాడై కూర్చున్న మనిషిని సహోదరుడా అన్నాడు.

మీరు ఆశీర్వాదానికి ముందే లేచి వచ్చేస్తున్నారన్నది చదివినప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగింది అందుకే. ఆ మాట మీకు వినబడే చోటు నుంచే తప్పించుకుంటున్నారు. క్రీస్తు కృప, తండ్రి ప్రేమ, పరిశుద్ధాత్మ సహవాసం మీకు తోడై ఉంటుందని మీ మీద చెప్పే ఆ ఒక్క నిమిషంలో మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. ఊరికే నిలబడి పుచ్చుకోవాలి. ఏడు నెలలుగా మీరు దాన్నే వదులుకుంటున్నారు.

సంఘంలోనూ హోదా చూసేవాళ్లు ఉంటారు, నేను కాదనను. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి కుర్చీ చూపించి, మురికి బట్టలవాణ్ణి అక్కడ నిలబడమనడాన్ని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో గద్దించాడంటే, మొదటి శతాబ్దంలోనే ఆ జబ్బు ఉందన్నమాట. మందు కూడా అప్పుడే ఉంది. రోమా 16:23లో పౌలు ఇద్దరి వందనాలు ఒకే వాక్యంలో పంపాడు. ఒకరు ఎరస్తు, పట్టణపు ఖజానాదారుడు. పక్కనే క్వర్తు. అతను ఏం చేసేవాడో పౌలు రాయలేదు. రాసింది ‘సహోదరుడు’ అని, అంతే. పట్టణం లెక్కలు చూసే అధికారి పక్కన, ఏ హోదా లేకుండా, సహోదరుడైన క్వర్తు. నేను చాలా ఏళ్లు ఆ వాక్యాన్ని పేర్ల జాబితా అని దాటేసి చదివాను, ఇప్పుడు అక్కడ ఆగకుండా ముందుకు వెళ్లలేను.

కాబట్టి వచ్చే ఆదివారం నుంచి చివరిదాకా ఉండండి. ఎవరైనా అడిగితే ఒక్క వాక్యం చాలు: ‘ఉద్యోగం పోయింది బ్రదర్, వెతుకుతున్నాను, ప్రార్థన చేయండి.’ కంపెనీ ఎలా అన్యాయం చేసిందో, ఎన్ని ఇంటర్వ్యూలయ్యాయో వివరించాల్సిన పని లేదు. మొదటిసారి చెప్పడం చాలా కష్టం. రెండోసారికి గొంతు అంత పట్టేయదు. కొందరు సలహాలు కురిపిస్తారు, భరించండి. ఒకరో ఇద్దరో మాత్రం పక్కకు పిలిచి ‘నాదీ అదే పరిస్థితి’ అంటారు. మీరు దాచినన్నాళ్లూ వాళ్లూ దాస్తూనే ఉంటారు.

స్కూలు ఫారంలో ‘ప్రస్తుతం ఉద్యోగం లేదు’ అనో, మీరు చేస్తూ వచ్చిన వృత్తి పేరో రాసి పంపేయండి. అది ఆఫీసు రికార్డు కోసం పెట్టిన గడి. మీ అమ్మాయి దృష్టిలో మీరెవరో ఆ కాగితం మార్చలేదు. చిన్నపిల్లలను ఎవరూ ‘ఏం చేస్తుంటావు’ అని అడగరు, ‘ఎవరి పాపవి’ అని అడుగుతారు. తనకు ఆ జవాబు తెలుసు, దానితో తనకు ఏ టెన్షనూ లేదు. దేవుని ముందు మన స్థితి కూడా అదే. 1563లో జర్మనీలోని హైడెల్బర్గులో సంఘాల కోసం ప్రశ్నలూ జవాబులుగా ఒక బోధ తయారైంది. అందులో 129 ప్రశ్నలు. మొదటిది, బ్రతుకులోనూ చావులోనూ నీకున్న ఒకే ఒక్క ఆదరణ ఏమిటి? జవాబు ఇలా మొదలవుతుంది: నేను నా సొంతం కాను, శరీరంతోనూ ఆత్మతోనూ, బ్రతుకులోనూ చావులోనూ, నమ్మకమైన నా రక్షకుడు యేసుక్రీస్తుకు చెందినవాణ్ణి. పొద్దున లేవగానే మెయిల్ చూసుకునే ముందు దీన్ని పైకి, వినబడేలా చెప్పుకోండి. మీ భార్య మీకు వినిపిస్తే మరీ మంచిది.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ఖాళీగా ఉన్నాను కదా అని పరిచర్యలోకి దూకేసేవాళ్లను చాలామందిని చూశాను. మూడు కమిటీలు, వారంలో ఐదు కూటములు, పాట, ప్రసంగం, లెక్కలు. పైకి భక్తిలా ఉంటుంది, లోపల జరిగేది వేరు. పాత బ్యాడ్జి పోయిన చోట కొత్తది తగిలించుకోవడం. ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు ఆ బాధ్యతను ఇంకొకరికి ఇస్తే మళ్లీ అదే కుంగుబాటు, ఈసారి దేవుని మీద కోపంతో కలిపి. లూకా 10లో డెబ్బైమంది శిష్యులు పరిచర్య నుంచి తిరిగొచ్చి, దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయని సంబరంగా చెప్పారు. అంతకు మించిన రిజల్టు ఎవరికి ఉంటుంది? ప్రభువు వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లలేదు, అధికారం ఇచ్చింది తానేనన్నాడు. కానీ మీ సంతోషం అక్కడ పెట్టుకోకండి, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నాయని సంతోషించండి అన్నాడు. పని బాగా సాగుతున్న రోజునే ఆ మాట అన్నాడు.

మరి ఏం చేయాలి? మీ హోదా ఎవరికీ తెలియని, అక్కరలేని చోట ఒక చిన్న పని పట్టుకోండి. నాకు తెలిసిన ఒకాయన పెద్ద పదవిలో రిటైరయ్యారు. రిటైరైన తర్వాత కూడా పరిచయం చేసుకునేటప్పుడు పాత పదవి పేరు చెప్పేవారు, జేబులో పాత విజిటింగ్ కార్డులు ఉండేవి. సంఘంలో జ్ఞాపకశక్తి పోయిన ఒక వృద్ధుడికి వారానికి ఒకసారి వెళ్లి కీర్తన చదివి వినిపించమని ఆయన్ని అడిగాం. మొదట్లో నామోషీగా ఫీలయ్యారు. వెళ్లిన ప్రతిసారీ ఆ పెద్దాయన ‘ఎవరు నువ్వు’ అనేవాడు. ఈయన పేరు చెప్పేవారు, పదవి చెప్పేవారు, అవతల రెండూ నిలిచేవి కావు. కొన్ని వారాలకు పదవి చెప్పడం మానేశారు. ఇంకొన్నాళ్లకు పేరూ మానేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని ఇరవై మూడో కీర్తన మొదలుపెట్టేవారు. రెండో వచనం దగ్గర పెద్దాయన గొంతు కలిపేవాడు, చూడకుండానే. ఒకరోజు ఈయన నాతో అన్నారు, ‘ఆయనకు నేనెవరో తెలియదు, తెలియకపోయినా నా చెయ్యి వదలడు.’ నా ప్రసంగాలేవీ ఆయనకు చేయని మేలు ఆ గది చేసింది.

ఇది చదివే రిటైరైనవాళ్ల కోసం ఒకటి చెప్పి మళ్లీ మీ దగ్గరికి వస్తాను. రిటైర్మెంటు బైబిల్లో లేదంటారు కొందరు. సంఖ్యాకాండము 8వ అధ్యాయం చివర్లో ఉంది. దేవుని గుడారంలో సేవ చేయడానికి ఏర్పరచిన గోత్రంవాడు, లేవీయుడు, యాభై ఏళ్లకు ఆ సేవ మానాలి. మానినా సహోదరులకు తోడుగా కావలి ఉండవచ్చు. బరువులు దిగిపోతాయి, లేవీయుడు లేవీయుడిగానే ఉంటాడు, ఎందుకంటే అతనికి స్వాస్థ్యం యెహోవాయే.

ఉద్యోగం వెతకడం గురించి. దానికి టైము పెట్టుకోండి, టైము దాటాక ఆపేయండి. రాత్రి పదకొండింటికి ఫోన్లో జాబ్ పోర్టల్ తిప్పుతూ ఉండడం మరో రకం ఇటుకల పని. ఆదివారం అసలు తెరవకండి. పని లేనివాడికి విశ్రాంతి దినం ఎందుకని మీకు అనిపించవచ్చు, నిజానికి మీకే అది ఎక్కువ అవసరం. ‘పనిచేయనివాడు భోజనం చేయకూడదు’ అన్న వచనం ఎవరైనా మీ మీదికి విసిరితే, 2 థెస్సలొనీకయులకు 3:10 మళ్లీ చదవమనండి. అది పనిచేయడానికి ఇష్టంలేని వాళ్ల గురించి. వెతుకుతూ దొరకనివాడి గురించి పౌలు అక్కడ మాట్లాడలేదు.

మీ స్థానంలో కూర్చున్న జూనియర్‌ను చూస్తే కడుపు మండుతోందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పౌలు ఫిలిప్పీయులకు పత్రిక బంధకాల్లో ఉండి రాశాడు. ఊరూరా తిరిగి సువార్త చెప్పడమే జీవితంగా ఉన్నవాణ్ణి కట్టి కూర్చోబెట్టారు. బయట కొందరు అసూయతో, పౌలుకు ఇంకా శ్రమ తేవాలనే సువార్త ప్రకటిస్తున్నారని 1వ అధ్యాయంలో ఆయనే రాశాడు. ఎలాగైతేనేం, క్రీస్తు ప్రకటింపబడుతున్నాడు, సంతోషిస్తున్నాను అన్నాడు. అంత ధైర్యం ఎక్కడిది? 3వ అధ్యాయంలో తన బయోడేటా మొత్తం, వంశం, గోత్రం, పరిసయ్యుడన్న పేరు, నిష్ఠ, అన్నీ వరసగా పేర్చి, క్రీస్తును సంపాదించుకోవడం కోసం వాటిని నష్టంగా ఎంచుకున్నానన్నాడు. ఆ పని ముందే జరిగిపోయింది కాబట్టి, తన చోటులో ఎవరు నిలబడినా ఆయన దగ్గర తీసుకెళ్లడానికి ఏమీ మిగల్లేదు. మీరు అంత దూరం ఇవాళే వెళ్లలేకపోవచ్చు. ఆ జూనియర్ పేరు పెట్టి రోజూ ఒక్క నిమిషం అతని మేలు కోసం ప్రార్థన చేయండి. మొదట్లో పెదవులతోనే వస్తుంది, అయినా చేయండి.

మళ్లీ ఉద్యోగం వస్తుంది, పాతదానికన్నా చిన్నదైనా వస్తుంది. ఆ రోజు కొలొస్సయులకు 3:22-24 చదువుకోండి. ఏం చేసినా ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చేయమన్న మాట మన ఆఫీసుల గోడల మీద కూడా కనబడుతుంది. పౌలు దాన్ని రాసింది దాసులకు. వెంటనే, ప్రభువు వల్ల స్వాస్థ్యాన్ని ప్రతిఫలంగా పొందుతారని అంటాడు. యజమాని ఇంట్లో దాసుడికి వారసత్వం ఎక్కడిది? అది కొడుకులకు దక్కేది. వాళ్ల యజమానుల పుస్తకాల్లో వాళ్లు ఆస్తి కింద జమ, పౌలు మాత్రం వాళ్లను వారసులుగా చూసి, ఆ ధైర్యంతో పని బాగా చేయమన్నాడు. కొత్త చోట పాత హోదా లేకపోయినా మీరు మనసు పెట్టి పనిచేయగలిగేది అలాగే.

మీరు రాయనిది ఒకటుంది, నిద్ర. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద గొప్ప విజయం చూసి, ఆ వెంటనే అరణ్యంలో చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అప్పుడు అతనికి పాఠం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో లేపించి రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. ‘ఇక్కడ నీకేమి పని’ అని అడిగింది ఆ తర్వాత, హోరేబు కొండ చేరాక. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి, ఆ విషయం మీ భార్యకు ఇవాళే చెప్పండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. ఆ రెండు సంగతులూ, నిద్ర ఎలా ఉందో, మీ భార్యకు ఎంతవరకు తెలుసో, నాకు తిరిగి రాయండి. మిగతాది అక్కణ్ణించి మాట్లాడుకుందాం.